పర్యావరణహానికర రాయితీల సంస్కరణమున వ్యాపారవర్గముల పాత్ర: నూజివీడు మామిడిసీమ

ప్రభుత్వము ఒక వస్తువును గాని సేవను గాని దానికగు నిజమైన వ్యయముకంటె తక్కువ వెలకు ప్రజలకు అందజేయుటకై తాను భరించు ద్రవ్యభారమును రాయితీ అందురు. ఆ వెలతగ్గింపు మూలమున నీరు, నేల, గాలి, జీవజాలము అవసరమునకు మించి వ్యయమైనప్పుడు గాని చెడిపోయినప్పుడు గాని అట్టి రాయితీ పర్యావరణమునకు హానికరమని పరిగణింపబడుచున్నది. ఆంధ్రదేశమున వ్యవసాయమునకు లభించు ఉచిత విద్యుత్తు, స్వల్పమైన ధరకు లభించు యూరియా ఈ కోవలో ముఖ్యములు. ఈ విషయమును చర్చించువారు సాధారణముగా ఇచ్చునది ప్రభుత్వమనియు, పుచ్చుకొనునది రైతనియు, కావున మార్పు ఆ ఇరువురి నడుమ తేలవలసిన వ్యవహారమనియు తలంతురు. కాని ఎఱువుల కర్మాగారము, దుకాణదారు, మోటారుల తయారీదారు, బిందుసేద్య పరికరముల సంస్థ, తోటను గుత్తకు పట్టిన వర్తకుడు, రైతుల కరెంటు ఖర్చులో కొంతభాగమును తన బిల్లులో చెల్లించు పరిశ్రమాధిపతి, ఇందఱు వ్యాపారులు ఆ ఇరువురి మధ్య నిలిచియున్నారు. రాయితీ వీరిలో కొందఱికి లాభము, కొందఱికి భారము; సంస్కరణమునకు వీరు తోడ్పడుటయు, అడ్డుపడుటయు ఆ లాభభారములనుబట్టియే జరుగుచున్నది. ఈ సంబంధములన్నియు ఒకచోట కానవచ్చు ప్రదేశములలో నూజివీడు మామిడిసీమ ఒకటి.

సీమ, తోటలు, గుత్త

నూజివీడు పూర్వము మేకా వంశీయులైన అప్పారావుల జమీందారీకి ముఖ్యపట్టణము. చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. దీని చుట్టునున్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము, తిరువూరు ప్రాంతములు కృష్ణా డెల్టాకు ఎగువన నున్న మెట్టభూములు. డెల్టా కాలువల నీరు ఈ ఎత్తునకు ఎక్కదు. నాగార్జునసాగర్ ఎడమకాలువ చివరి ఆయకట్టు కొంతభాగమునకే అందును. తక్కిన నేలకు వాన, చెఱువు, బోరు ఇవియే ఆధారములు. ఇచ్చటి ఎఱ్ఱనేలలలో బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, చెఱుకురసము, కలెక్టరుకాయ యని ప్రజలు పిలుచు తోతాపురి మొదలగు రకములు విస్తారముగా పెంపబడుచున్నవి. వీనిలో నూజివీడు చిన్నరసము తెలుగునాట ఎల్లెడల పేరెన్నికగన్నది. మామిడి పరిశోధనస్థానము పట్టణముననే కలదు. సరకు విజయవాడ చేరువనున్న నున్న గ్రామపు మామిడి మార్కెటు మీదుగా ఉత్తరదేశమునకు తరలిపోవును.

మామిడిచెట్టు స్వభావమును ఎఱిగినగాని రాయితీల చర్చ ఈ సీమకు అన్వయింపదు. పూతకు ముందు రెండుమూడు నెలలు నీరు కట్టక చెట్టును ఎండగట్టుట ఉత్తమమైన పద్ధతి; ఆ కాలమున తడి తగిలినచో పూతకు బదులు కొత్త చిగురు తొడుగును. నత్రజని అధికమైనను ఫలిత మదియే: ఆకు దట్టమగును, పూత పలుచబడును, కాయ నిలువ ఉండు గుణమును కోల్పోవును. కావున ఊరక లభించు నీరు, అగ్గువగా దొరకు యూరియా వరికిని, చెఱకునకును చేయు చేటు ఆలస్యముగా తెలిసినను, మామిడికి చేయు చేటు మఱుసటి కాపులోనే వర్తకుని త్రాసులో తేలును. సంస్కరణమునకు ఈ పంట వ్యాపారులనుండి సహజమైన మద్దతు లభింపగల అవకాశము ఇందుననే యున్నది.

అయినను ఆ మద్దతునకు గుత్తపద్ధతి ప్రతిబంధకముగా నున్నది. తోటయజమానులలో పలువురు పూతనాడో పిందెనాడో కాపును వర్తకునకు అమ్మివేయుదురు. కొందఱు రెండు మూడేండ్లకు కలిపి గుత్తకు ఇత్తురు. మందుల పిచికారి, కావలి, కోత, రవాణా ఇవన్నియు అటుపిమ్మట గుత్తదారుని పూచీ. గడువు ముగియులోపల పెట్టుబడిని రాబట్టుకొనవలసిన వానికి ఈయేటి కాయ ముఖ్యము గాని ఇరువదియేండ్ల తరువాతి చెట్టు ముఖ్యము కాదు. బోరునీటికి వెల లేనప్పుడు, యూరియా బస్తాకు లెక్క లేనప్పుడు పొదుపుచేయుటకు అతనికి కారణమే కనబడదు. రాయితీ రైతుపేరున విడుదలయై గుత్తదారుని లెక్కలో జమపడుట ఈ ఏర్పాటునందలి విశేషము.

ఉచిత విద్యుత్తు

1980 దశాబ్ది ఆరంభమున ఆంధ్రప్రదేశమున వ్యవసాయపు మోటారులకు మీటరు లెక్కను విడిచి, అశ్వశక్తినిబట్టి ఏడాదికి ఇంత అను స్లాబు పద్ధతి నెలకొన్నది. ఎంత తోడినను ఖర్చు ఒక్కటియే యగుటచే బోరులు విస్తరించెను. 1998 నాటి విద్యుత్సంస్కరణల చట్టము ననుసరించి 1999 ఫిబ్రవరి 1న విద్యుచ్ఛక్తి మండలి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విభజింపబడి, ఛార్జీల నిర్ణయమునకు స్వతంత్రమైన నియంత్రణమండలి ఏర్పడెను. 2000లో ఛార్జీలు పెంపగా, ఆ యేటి ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో జరిగిన నిరసనపై పోలీసు కాల్పులు సంభవించి ప్రాణనష్టము కలిగెను. నాటినుండి వ్యవసాయ విద్యుత్తునకు వెల కట్టుట ఏ రాజకీయపక్షమునకును సాహసింపరాని పనియైనది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలిసంతకము ఉచిత విద్యుత్తు దస్త్రముపైననే చేసిరి. ఆ పథకమునకు ఐ.ఎస్.ఐ. ముద్రగల మోటారు, కెపాసిటరు, ఘర్షణ తక్కువగల ఫుట్‌వాల్వు, తగిన గొట్టములు అమర్చుకొనవలెనను నిబంధనలు తగిలింపబడినవి గాని, కరెంటునకు వెల లేనప్పుడు ఆ పరికరములకై చేతిసొమ్ము వెచ్చించుటకు ప్రేరణ మిక్కిలి తక్కువ. కరెంటు వచ్చినంతనే తనంతట తాను తిరుగునట్లు ఆటోస్టార్టరు బిగించిన మోటారు, అవసరము లేకున్నను నడచుచునే యుండును.

ఈ రాయితీకి అయ్యెడి ద్రవ్యములో ప్రభుత్వము చెల్లించు భాగము పోగా తక్కినది పరిశ్రమలు, వాణిజ్యసంస్థలు చెల్లించు హెచ్చు ఛార్జీలనుండి సమకూడుచుండెను. దీనినే క్రాస్ సబ్సిడీ యందురు. కావున సంస్కరణమును కోరిన మొదటి వ్యాపారవర్గము పరిశ్రమాధిపతులే. 1917లో స్థాపితమైన హైదరాబాదు వాణిజ్య పరిశ్రమల మండలుల సమాఖ్య వంటి సంస్థలు నియంత్రణమండలి బహిరంగ విచారణలలో ఆక్షేపణలు సమర్పించుచు వచ్చినవి. మీటరులేని వ్యవసాయ వినియోగమును కేవలము అంచనాతో లెక్కించుటచే ప్రసారనష్టములు, చౌర్యము అందులో మఱుగుపడుటకు వీలున్నదను ఆక్షేపణ ఈ విచారణలలో పదేపదే వినవచ్చినది. 2003 విద్యుచ్ఛక్తి చట్టము రాష్ట్రప్రభుత్వము రాయితీ సొమ్మును ముందుగా చెల్లించవలెనని విధించుటయు, 2006 నాటి టారిఫ్ విధానము ఏ వర్గపు ఛార్జియు సగటు సరఫరా వ్యయమునకు 20 శాతమునకు మించి అటునిటు ఉండరాదని లక్ష్యము నిర్ణయించుటయు ఈ వాదమునకు బలము చేకూర్చినవి. ఐనను పరిశ్రమల వాదము ధరకు సంబంధించినదే గాని జలమునకు సంబంధించినది కాదు. తమ బిల్లునుండి భారము తొలగి ఖజానాపై పడినచో వారికి చాలును; నూజివీడు మెట్టలో బోరు ఎంతలోతునకు దిగినదను ప్రశ్న వారి లెక్కలోనికి రాదు.

రెండవ వర్గము మోటారులు, పైపులు, బోరుయంత్రముల వ్యాపారులది. నీటిమట్టము దిగినకొలది పెద్ద మోటారు, పొడుగైన పైపు, కొత్త బోరు అమ్ముడుపోవును. తక్కువ వోల్టేజికి మోటారు కాలినచో వైండింగు దుకాణమునకు పని దొరకును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము, వ్యవహారమున వాల్టా యనబడునది, బోరుల త్రవ్వకమును నియంత్రించుటకు ఉద్దేశింపబడినదైనను, వ్యాపారపు లాభము వ్యతిరేకదిశలో నున్నంతకాలము చట్టము ఒంటరిపోరాటము చేయవలసినదే.

2020లో రాష్ట్రప్రభుత్వము రాయితీ సొమ్మును రైతుఖాతాలో వేసి, అందుండి పంపిణీసంస్థకు చెల్లించు పద్ధతిని, మోటారులకు మీటర్లు అమర్చుటను తలపెట్టి శ్రీకాకుళము జిల్లాలో ప్రయోగము నడపెను. రైతుసంఘములు దీనిని ఉచిత విద్యుత్తును ఎత్తివేయుటకు తొలిమెట్టుగా శంకించినవి. మీటర్ల వ్యయముపై విమర్శలు చెలరేగినవి. తెలంగాణ ప్రభుత్వము మీటర్లను తిరస్కరించినది. మీటరు అమ్మువానికి లాభమున్నదని తెలిసిన రైతు, ఆ మీటరు తనకేమి మిగుల్చునో తెలియనంతవఱకు సంస్కరణమును నమ్మడు.

ఎఱువులు

యూరియా రాయితీ ప్రత్యక్షముగా పొందినవాడు రైతు కాడు, కర్మాగారము. 1977లో ఆరంభమైన రిటెన్షన్ ధర పద్ధతిలో ఒక్కొక్క కర్మాగారమునకు దాని ఉత్పత్తివ్యయము, నిర్ణీతలాభము కలిపి ప్రభుత్వము లెక్కగట్టి, అమ్మకపుధరకు పైనున్న భేదమును చెల్లించెడిది. వ్యయము తగ్గించుకొనిన కర్మాగారమునకు ప్రత్యేకలాభము లేకుండెను. ఈ లోపమును సవరించుటకు నియమింపబడిన ఉన్నతాధికార సంఘమునకు తెలుగువాడైన ఆర్థికశాస్త్రవేత్త ఆచార్య సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షులు. 1998లో సమర్పించిన నివేదికలో ఆ సంఘము కర్మాగారమునకొక ధర యను పద్ధతిని తొలగింపవలెనని సూచించెను. 2003 ఏప్రిల్ 1నుండి కర్మాగారములను వర్గములుగా విభజించి ధర నిర్ణయించు పద్ధతి అమలునకు వచ్చెను.

భాస్వరము, పొటాషు ఎఱువులు 1992 ఆగస్టులో నియంత్రణనుండి విముక్తి పొందగా యూరియా మాత్రము నియంత్రణలోనే నిలిచెను. 2010 ఏప్రిల్ 1నుండి అమలైన పోషకాధార రాయితీలోను యూరియా చేరలేదు. ఫలితముగా తక్కిన ఎఱువుల ధరలు పెరుగగా, పన్నులు, వేపపూత ఖర్చు కాక 45 కిలోల బస్తా 242 రూపాయలకు అందెడి యూరియావైపే రైతు మొగ్గెను. నత్రజని, భాస్వరము, పొటాషు 4:2:1 పాళ్లలో ఉండుట మేలను సామాన్యసూత్రము ఈ విధముగా తారుమారయ్యెను. 1992లో కాకినాడలో గోదావరిబేసిన్ సహజవాయువుతో యూరియా తయారీ ఆరంభించిన నాగార్జున ఫెర్టిలైజర్స్, 1967నుండి విశాఖపట్నమున సంకీర్ణ ఎఱువులు తయారుచేయుచున్న కోరమాండల్ సంస్థ ఈ విధానము నీడలో పెరిగినవే. సంకీర్ణ ఎఱువుల తయారీదారు యూరియాకును సమానన్యాయము కోరుటయు, యూరియా తయారీదారు యథాస్థితిని ఆశ్రయించుటయు వారి వారి స్థితినుండి సహజముగా పుట్టిన భేదములు. 2022–23లో కేంద్రప్రభుత్వపు ఎఱువుల రాయితీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరినది.

నూజివీడు సీమకు ఈ చరిత్రలో ప్రత్యేకస్థానము కలదు. 2016 అక్టోబరులో దేశమున కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకముగా ఆరంభమైన ఎఱువుల రాయితీ చెల్లింపు నూతనపద్ధతికి ఎన్నికైన వానిలో కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలు ఉండెను; నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లాలోనిదే. అంతకుముందు సరకు జిల్లాకు చేరినంతనే సంస్థకు రాయితీలో అధికభాగము ముట్టుచుండెను. నూతనపద్ధతిలో రైతు ఆధారు గుర్తింపుతో దుకాణములోని ఈపాస్ యంత్రముపై వేలిముద్ర వేసి బస్తా కొనిన పిమ్మటనే సంస్థకు రాయితీ విడుదలగును. భూమి రికార్డులను, భూసారపరీక్షల ఫలితములను అమ్మకముతో ముడిపెట్టు యత్నమును ఈ జిల్లాలలో జరిగెను. 2018 మార్చి నాటికి ఈ పద్ధతి దేశమంతటను వ్యాపించెను. యంత్రములను సమకూర్చుట ఎఱువుల సంస్థల బాధ్యత కాగా, నెట్‌వర్కు అందని గ్రామములలో వేలిముద్ర పడక బారులు తీరిన కొనుగోలుదారులకు సమాధానము చెప్పుట డీలరుల వంతైనది. పారిశ్రామికావసరములకు తరలిపోవు యూరియాను అరికట్టుటయందు ఇది ఉపకరించినది. కాని రైతు కొనదగిన పరిమాణమును తగ్గించు ప్రేరణ ఇందులో లేదు. సొమ్ము నడచు దారి మారినది గాని వెల మారలేదు.

ఆయిల్‌పామ్

రాయితీలు తొలగింపబడుట మాత్రమే కాక కొత్తవి పుట్టుటయు జరుగుచున్నది. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టము ననుసరించి ఒక్కొక్క ప్రాంతము ఒక్కొక్క కర్మాగారమునకు కేటాయింపబడి, అచ్చటి గెలలను ఆ కర్మాగారమే కొనవలెను. 2021 ఆగస్టులో కేంద్రము 11,040 కోట్ల రూపాయల అంచనాతో వంటనూనెల జాతీయపథకమును ప్రకటించి, మొక్కలకై హెక్టారుకు ఇచ్చు సహాయమును 12,000 నుండి 29,000 రూపాయలకు పెంచెను. గోద్రెజ్ ఆగ్రోవెట్, 3ఎఫ్ వంటి సంస్థలును, పెదవేగిలో కర్మాగారముగల రాష్ట్ర సహకార నూనెగింజల సమాఖ్యయు ఈ రంగమున పనిచేయుచున్నవి. ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయసంస్థ ఉన్న పెదవేగి నూజివీడునకు సమీపముననే కలదు.

మామిడికి తామరపురుగు, పూతరాలుడు, ధరపతనము వెంటాడుచుండగా, నెలనెల గెలలు కోసి సొమ్ము చేసికొనగల ఆయిల్‌పామ్ రైతును ఆకర్షించుట ఆశ్చర్యము కాదు. ఈ సీమలో మామిడితోటలను కొట్టి ఆ పంట పెట్టినవారు కలరు. కాని ఎకరమునకు సుమారు 57 చొప్పున నాటు ఆ చెట్టు వేసవిలో ఒక్కొక్కటి రోజునకు రెండువందల లీటర్ల నీటిని అపేక్షించును. ముదిరిన మామిడికి అట్టి నిత్యపు తడి పనిలేదు. మొక్కకు రాయితీ, డ్రిప్పునకు రాయితీ, కరెంటు ఉచితము అను మూడును ఒకేపంటపై కూడుకొనినప్పుడు దాని నిజమైన జలవ్యయము ఎవ్వరి ఖాతాలోను కానరాదు. దిగుమతి నూనెభారము తగ్గుట దేశమునకు లాభమే. అయితే ఆ లాభమును మెట్టభూముల భూగర్భజలముతో కొనుట ఎంతకాలము సాగునో సంస్థలును, ప్రభుత్వమును లెక్కవేయవలసియున్నది.

బిందుసేద్యము, సౌరవిద్యుత్తు

హానికరమైన రాయితీని తొలగించుటకంటె దానిని మేలైన దారికి మళ్ళించుట సులభమను భావముతో 2003 నవంబరు 3న ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము ఆరంభమైనది. జల్గాము కేంద్రముగాగల జైన్ ఇరిగేషన్, ఇజ్రాయెలునకు చెందిన నెటాఫిమ్ మొదలగు సంస్థలు పరికరములు సమకూర్చినవి. వీనిలో మొదటిది చిత్తూరు ప్రాంతమున మామిడిగుజ్జు కర్మాగారమును నడపుచు, డ్రిప్పు అమ్మకమును, పండు కొనుగోలును ఒకే వ్యాపారములో చేర్చినది. బిందువులుగా నీరు పోయుటచే చెట్టుకగు నీరు తగ్గుట నిశ్చయము. కాని కరెంటు ఉచితమైనచోట మిగిలిన నీటిని రైతు నేలలో ఉంచడు. మఱొక ఎకరమునకు పాఱించును. పరికరముల అమ్మకమును బట్టి కాక, మిగిలిన నీటిని బట్టి సంస్థకు ప్రతిఫలము లభించు ఏర్పాటు లేనంతవఱకు ఈ లోపము తీరదు.

2021 డిసెంబరులో రాష్ట్రపంపిణీసంస్థలు భారత సౌరవిద్యుత్ సంస్థ సెకీతో వ్యవసాయ సరఫరాకై 7,000 మెగావాట్ల సౌరవిద్యుత్తును యూనిటు 2.49 రూపాయల చొప్పున కొనుటకు ఒడంబడిక చేసికొనినవి. పగటిపూట 9 గంటల సరఫరాకు ఇది ఆధారమని చెప్పబడెను. 2024 నవంబరులో అమెరికా న్యాయశాఖాధికారులు ఈ వ్యవహారమునకు సంబంధించి లంచముల ఆరోపణలు చేయగా, ఆరోపణలకు గురియైన వ్యాపారసంస్థ వానిని నిరాకరించెను. ఆ వివాదము ఎట్లున్నను ఒక అంశము స్పష్టము: సూర్యశక్తివలన బొగ్గుపొగ తగ్గును, ప్రభుత్వవ్యయము తగ్గును, బోరు మాత్రము వెనుకటివలెనే నీటిని తోడును.

విపణి కలిగించు ఒత్తిడి

ప్రభుత్వము చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు కొనుగోలుదారు చేయును. 2014 మేలో ఐరోపాసమాఖ్య పండుఈగ కారణమున భారతదేశపు మామిడి దిగుమతిని నిషేధించి, మఱుసటి సంవత్సరారంభమున దానిని ఎత్తివేసినది. ఆ మధ్యకాలమున ఎగుమతిదారులు తోటస్థాయి నమోదు, వేడినీటి శుద్ధి, అవశేషపరీక్షలపై దృష్టి పెట్టవలసివచ్చెను. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళికగుర్తింపు లభించెను. ఎగుమతిదారునకు నిలువయుండు కాయ కావలెను. నత్రజని మితిమీరినచో అట్టి కాయ లభింపదు. పూతపై కొని కాయపై అమ్ము స్వల్పకాలపు గుత్తదారునకు లేని ఆసక్తి, తోటయజమానితో పలుసంవత్సరముల ఒప్పందము చేసికొనిన ఎగుమతిదారునకు ఉండును.

రాష్ట్రప్రభుత్వపు రైతుసాధికారసంస్థ 2016నుండి నడపుచున్న ప్రకృతివ్యవసాయ కార్యక్రమము ఈ సంస్కరణకు మఱొక తోవ చూపినది. రసాయన ఎఱువులను విడిచిన రైతు తనవంతు రాయితీని పుచ్చుకొనుట మానినట్లే. అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వసంస్థ దీనికి ఆర్థికసాహాయ్యము చేసినది. ఈ కార్యక్రమము 2024లో గుల్బెంకియన్ మానవజాతి పురస్కారమును ఇతరులతో పంచుకొన్నది.

ప్రపంచానుభవము

1984లో న్యూజిలాండు వ్యవసాయ రాయితీలను దాదాపు పూర్తిగా తొలగించినది; 2009లో పిట్స్‌బర్గులో సమావేశమైన జి–20 దేశములు శిలాజ ఇంధనముల అసమర్థ రాయితీలను క్రమముగా తగ్గింతుమని ప్రతిజ్ఞ చేసినవి; 2022 డిసెంబరు నాటి కున్మింగ్–మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందము 2030 నాటికి హానికర ప్రోత్సాహకములను ఏటేట 50,000 కోట్ల డాలర్లమేర తగ్గింపవలెనని లక్ష్యము పెట్టినది. మన దేశముననే పంజాబులో 2018లో ఆరంభమైన “పానీ బచావో, పైసే కమావో” పథకము, రైతు తనకు కేటాయించిన విద్యుత్తులో మిగిల్చిన యూనిటునకు 4 రూపాయలు చెల్లించును. నీటిపొదుపును రైతుకు రాబడిగా మార్చిన ఈ మార్గము నూజివీడు వంటి బోరుసీమలకు మిక్కిలి సన్నిహితమైనది.

సమీక్ష

పైచరిత్రనుండి మూడు నిర్ణయములు తేలుచున్నవి. మొదటిది: వ్యాపారవర్గము ఏకముఖమైనది కాదు, రాయితీ బిల్లును మోయు పరిశ్రమ సంస్కరణను కోరగా, రాయితీ సరకును అమ్ము పరిశ్రమ దానిని కాపాడును. రెండవది: సొమ్ము నడచు దారిని మాత్రమే మార్చిన సంస్కరణ అక్రమములను అరికట్టును గాని వినియోగమును తగ్గింపజాలదు. మూడవది: వ్యాపారి లాభము పొదుపుతో ముడిపడినచోట, అనగా దీర్ఘకాల ఒప్పందముగల ఎగుమతిదారుని యందును, మిగిలిన యూనిటునకు వెల కట్టు ఏర్పాటునందును, సంస్కరణ నిలుచును. కావున ప్రభుత్వము చేయవలసినది వ్యాపారులను పిలిచి ధర్మబోధ చేయుట కాదు. రైతునకు ఇచ్చు మొత్తమును తగ్గింపక, దానిని తోడిన నీటికి బదులు మిగిల్చిన నీటికి, వేసిన బస్తాకు బదులు నిలిపిన నేలసారమునకు అన్వయించి, డ్రిప్పు సంస్థ, డీలరు, గుత్తదారుల ఆదాయమును ఆ కొలతకే కట్టివేయుట. ఆ కొలత ఏర్పడువఱకు నూజివీడు తోటలలో రాయితీ ఖర్చగుచునే యుండును, నీరు దిగుచునే యుండును.